అప్పీలు న్యాయాధిపతి ఎల్బర్ట్ టటిల్

పాఠశాలలో కాలము విలువను గూర్చి చెప్పని ఉపాధ్యాయుడుండడు. ప్రవేశమునకు గడువు, రుసుము చెల్లించుటకు గడువు, పరీక్షకు నియమితమైన దినము, వీనిలో ఏది తప్పినను ఒక సంవత్సరము పోవును. పోయిన సంవత్సరము తిరిగి రాదు. విద్యార్థులకు తెలిసిన యీ సంగతి న్యాయస్థానములకు అంతగా తెలియునా యని సందేహము కలుగవచ్చును. వ్యాజ్యములు ఏండ్ల తరబడి సాగుననుట మన యిండ్లలో పెద్దలు చెప్పుకొను మాటయే గదా. అయినను, ఏ వ్యాజ్యమును నెమ్మదిగా విచారింపవలెనో, ఏ హక్కును ఒక్క దినమైనను ఆపరాదో చక్కగా వివేచించిన న్యాయాధిపతి యొకరు అమెరికా సంయుక్త రాష్ట్రములలో నుండిరి. ఆయన పేరు ఎల్బర్ట్ పార్ టటిల్. ఆయన చరిత్రమును, ఆయన కూర్చున్న న్యాయస్థానము పనిచేయు విధమును మా చదువరులకు తెలుపుటకై యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

న్యాయస్థానముల క్రమము

ముందుగా ఆ దేశపు కోర్టుల యేర్పాటును తెలిసికొనవలెను. మన దేశమున జిల్లా కోర్టు, హైకోర్టు, సుప్రీముకోర్టు అని ఒకే నిచ్చెన కలదు. అమెరికాలో నిచ్చెనలు రెండు. ప్రతి రాష్ట్రమునకు తన చట్టములును తన కోర్టులును కలవు. వీనితోపాటు దేశమంతటికిని చెందిన ఫెడరల్ కోర్టులు వేఱుగా కలవు. దేశపు రాజ్యాంగమునకు, దేశపు చట్టములకు సంబంధించిన తగవులు ఈ రెండవ నిచ్చెన నెక్కును. దీని క్రింది మెట్టు జిల్లా కోర్టు, పై మెట్టు సుప్రీముకోర్టు, నడిమి మెట్టు అప్పీలు కోర్టు. ఈ నడిమి మెట్టును 1891 లో కాంగ్రెసు అను శాసనసభవారు ఏర్పఱచిరి. ఇప్పుడిట్టి అప్పీలు కోర్టులు 13 కలవు. ఒక్కొక్కదాని క్రింద సామాన్యముగా కొన్ని రాష్ట్రములుండును. ఆ ప్రదేశమును సర్క్యూట్ అందురు.

అప్పీలు కోర్టులో సాక్షులు బోనెక్కరు. జూరీ యుండదు. క్రింది కోర్టులో జరిగిన విచారణయంతయు వ్రాతలో వచ్చును. ఉభయపక్షముల వకీళ్లును తమ వాదములను వ్రాసి యిత్తురు. పిమ్మట కొలదిసేపు నోటితో వాదింతురు. సామాన్యముగా ముగ్గురు న్యాయాధిపతులు కలిసి కూర్చుండి, క్రింది న్యాయాధిపతి చట్టమును సరిగా నన్వయించెనా లేదా యని చూతురు. ముగ్గురిలో ఇద్దఱి మాటయే తీర్పు. ఒప్పుకొనని మూడవవాడు తన భిన్నాభిప్రాయమును వ్రాసి యుంచవచ్చును. పై సుప్రీముకోర్టు తన కిష్టమైన కొలది వ్యాజ్యములనే విచారణకు గైకొనును గనుక, పెక్కుమందికి అప్పీలు కోర్టు చెప్పినదే కడపటి మాట యగును.

ఈ న్యాయాధిపతులను దేశాధ్యక్షుడు పేర్కొనగా సెనేటు సభవారు సమ్మతింతురు. మన హైకోర్టు న్యాయాధిపతులు 62 ఏండ్లకు పదవి విడుతురు. అక్కడివారు సత్ప్రవర్తన కలిగియున్నంత కాలము, అనగా జీవితాంతము వఱకు, పదవియందుండవచ్చును. వారు పదవిలోనుండగా వారి జీతమును తగ్గింపరాదని రాజ్యాంగమే చెప్పుచున్నది. ఎన్నికల భయమును జీతపు భయమును లేనివాడే పదిమందికి నచ్చని తీర్పును ధైర్యముగా చెప్పగలడని దీని యుద్దేశము.

బాల్యము, విద్య

టటిల్ గారు 1897 వ సంవత్సరము జూలై 17 వ తేదిని కాలిఫోర్నియాలోని పాసడీనా పట్టణమున జన్మించిరి. బాల్యములోనే కుటుంబము హవాయి ద్వీపములకు వెళ్లెను. అక్కడ హోనొలూలూలోని పునహో పాఠశాలలో ఆయన చదివిరి. హవాయిలో దేశీయులు, జపానువారు, చీనావారు, తెల్లవారు ఒకే ఊరిలో కలిసి నివసించుచుండిరి. తరువాతి కాలమున ఆయన న్యాయాధిపతిగా పనిచేసిన దక్షిణ రాష్ట్రములలో నల్లజాతి పిల్లలకు వేఱుబడి, తెల్లజాతి పిల్లలకు వేఱుబడి యుండెడిది. చిన్నతనమున తాను చూచిన లోకము అట్టిది కాదు.

ఆయన న్యూయార్కు రాష్ట్రములోని కార్నెల్ విశ్వవిద్యాలయమున 1918 లో పట్టమును, 1923 లో న్యాయశాస్త్ర పట్టమును పొందిరి. అక్కడ విద్యార్థుల దినపత్రికకు సంపాదకులుగా కూడ నుండిరి. 1919 లో వివాహమయ్యెను. పిమ్మట తన బావమఱది విలియం సదర్లండుతో కలిసి జార్జియా రాష్ట్రములోని అట్లాంటా నగరమున న్యాయవాద వృత్తి నారంభించిరి. పన్నుల వ్యాజ్యములు వారి ముఖ్యమైన పని. ఆ పనితో బాటు నేషనల్ గార్డు అను రాష్ట్ర సైనికదళమున టటిల్ గారు అధికారిగా నుండిరి.

తొందర వలన కలుగు అన్యాయము

1931 లో జార్జియాలోని ఎల్బర్టన్ పట్టణమున ఘోరమైన నేరము మోపబడిన జాన్ డౌనర్ అను నల్లజాతి ముద్దాయి జైలులో నుండగా, అతనిని చంపుటకై గుంపు జైలును ముట్టడించెను. నేషనల్ గార్డు దళము వెళ్లి ఖైదీని కాపాడెను. ఆ యధికారులలో టటిల్ గారొకరు. కాని ప్రాణము దక్కిన ఖైదీకి న్యాయము దక్కలేదు. కొలది దినములలోనే, గుంపు కోపము చల్లారకమునుపే, తొందర తొందరగా విచారణ జరిపి మరణశిక్ష విధించిరి. నాటి దినమున తాము తప్పించినది గుంపు చేతి చావును మాత్రమేయనియు, అదే చావు ఇప్పుడు కోర్టు పేరిట వచ్చుచున్నదనియు టటిల్ గారు గ్రహించిరి. ఆయనయు మఱికొందఱును కలిసి ఫెడరల్ కోర్టులో హెబియస్ కార్పస్ కోరిరి. ఒకనిని ఏ న్యాయముచే నిర్బంధించితిరో కోర్టునకు చూపుడని అడుగు ఉత్తర్వునకే యా పేరు. అప్పీలు కోర్టు వారి మాటను ఆలకించెను. మరల విచారణ జరిగెను. రెండవ విచారణయందును నేరము స్థిరపడి 1934 లో ఆ ముద్దాయి మరణశిక్ష నొందెను. టటిల్ గారి శ్రమ ఆ మనుష్యుని బ్రదికింపలేకపోయెను. అయినను భయపెట్టు గుంపు నడుమ జరిగిన విచారణ విచారణ కాదను మాట నిలిచెను.

మఱి నాలుగేండ్లకు వేఱొక వ్యాజ్యము వచ్చెను. సెలవుమీద నున్న నావికదళపు సిపాయి లిద్దఱు 1934 నవంబరులో దొంగనోట్లు మార్చిరని పట్టుబడిరి. 1935 జనవరి 25 వ తేదిని వారికి నేరారోపణ తెలుపబడెను. ఆ దినముననే విచారణయు, ఆ దినముననే తీర్పును, ఆ దినముననే నాలుగున్నర సంవత్సరముల శిక్షయు జరిగెను. తమకు వకీలు లేడని వారు చెప్పినను కోర్టు వకీలు నియ్యలేదు. అట్లాంటా జైలునకు తెచ్చిన పిమ్మట 16 దినములు వారిని ఒంటరిగా నుంచిరి. పునర్విచారణ కోరుటకు గడువు 3 దినములు. అప్పీలు చేసికొనుటకు గడువు 5 దినములు. గోడల నడుమనే ఆ గడువులు రెండును దాటిపోయెను. టటిల్ గారును ఆయన సహచరులును ప్రతిఫలము కోరక వారిలో జాన్సన్ అనువాని పక్షమున సుప్రీముకోర్టు వఱకు పోరాడిరి. ఫెడరల్ కోర్టులో నేరము మోపబడిన వానికి వకీలు సహాయము ఉండితీరవలెననియు, అతడు తెలిసి తెలిసి వదలుకొనిననే గాని ఆ హక్కు పోదనియు 1938 మే 23 వ తేదిని సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. జాన్సన్ వర్సెస్ జర్బ్స్ట్ అను ఆ తీర్పును నేటికిని న్యాయశాస్త్ర విద్యార్థులు చదువుచున్నారు.

ఈ రెండు వ్యాజ్యములవలన, తొందరలో న్యాయమెట్లు నశించునో టటిల్ గారు కన్నులార చూచిరి.

న్యాయాధిపతి పదవి

రెండవ ప్రపంచ యుద్ధమున ఆయన ఫిరంగిదళమునకు నాయకుడుగా గ్వామ్, లైటీ ద్వీపములయందు పోరాడి, 1945 లో యీషిమా ద్వీపమున గాయపడిరి. అప్పటికి ఆయన వయస్సు 47 సంవత్సరములు. తిరిగి వచ్చిన పిమ్మట రిపబ్లికను పక్షమున పనిచేసిరి. 1953 లో దేశపు ఖజానా శాఖకు ముఖ్య న్యాయ సలహాదారుగా నియమింపబడిరి. 1954 లో అధ్యక్షుడు ఐసన్‌హోవర్ ఆయనను 5 వ సర్క్యూట్ అప్పీలు కోర్టునకు న్యాయాధిపతిగా పేర్కొనెను. టెక్సస్, లూయీజియానా, మిసిసిపి, అలబామా, జార్జియా, ఫ్లోరిడా అను ఆరు దక్షిణ రాష్ట్రములు నాడు ఆ కోర్టు క్రింద నుండెను.

ఆ సంవత్సరమే మే నెల 17 వ తేదిని, ప్రభుత్వ పాఠశాలలలో జాతిని బట్టి పిల్లలను వేఱుచేయుట రాజ్యాంగ విరుద్ధమని సుప్రీముకోర్టు తీర్పు చెప్పియుండెను. కాని ఈ మార్పు ఎప్పటిలోగా జరుగవలెనో 1955 లో చెప్పినప్పుడు ఆ కోర్టు తేదీని నిర్ణయింపక, ఆలోచనతో కూడిన వేగముతో జరుగవలెనని మాత్రమే పలికెను. దక్షిణ రాష్ట్రముల యధికారులలో పెక్కుమంది ఆలోచనను ఉంచుకొని వేగమును విడిచిరి. అర్జీ పెట్టినచో విచారణ వాయిదా పడును. విచారణ గెలిచినచో స్టే వచ్చును. స్టే తొలగునప్పటికి విద్యా సంవత్సరము ముగియును. హక్కు లేదని ఎవరును అనరు. ఇప్పుడు కాదని మాత్రమే అందురు. 1960 లో ఆ అప్పీలు కోర్టునకు ప్రధాన న్యాయాధిపతియైన టటిల్ గారి యెదుట నిలిచిన చిక్కు ఇదియే.

ఆలస్యము వలన కలుగు అన్యాయము

హామిల్టన్ హోమ్స్, షార్లేన్ హంటర్ అను ఇద్దఱు నల్లజాతి యువజనులు 1959 లో జార్జియా విశ్వవిద్యాలయమున ప్రవేశము కోరిరి. అధికారులు స్థలము లేదని, వసతి లేదని త్రోసిపుచ్చుచుండిరి. వారిద్దఱును వేఱు కళాశాలలలో చదువుకొనుచునే వ్యాజ్యము నడిపిరి. 1961 జనవరి 6 వ తేదిని జిల్లా న్యాయాధిపతి బూటిల్ వారిని చేర్చుకొనవలెనని తీర్పు చెప్పెను. జనవరి 9 వ తేదిని, రాష్ట్రమువారు అప్పీలు చేసికొనుటకు వీలుగా, ఆయనయే తన తీర్పును ఆపి స్టే యిచ్చెను. ఆ స్టే నిలిచినచో ఆ తరగతులు వారికి తప్పిపోవును. వారి వకీళ్లు అట్లాంటాకు పరుగెత్తిరి. టటిల్ గారు ఆ మధ్యాహ్నమే ఉభయపక్షముల వాదము విని స్టేను కొట్టివేసిరి. మఱునాడు సుప్రీముకోర్టు దానిని మార్చుటకు నిరాకరించెను. విద్యార్థు లిద్దఱును చేరిరి. జనవరి 11 వ తేది రాత్రి గుంపు అల్లరి చేయగా వారిని పంపివేసిరి. కోర్టు మరల రప్పించెను. 1963 లో ఇద్దఱును పట్టభద్రులైరి. హోమ్స్ వైద్యుడాయెను, హంటర్ పేరొందిన పత్రికారచయిత్రి యయ్యెను.

ఇందునకు భిన్నముగా జరిగిన కథయు కలదు. జేమ్స్ మెరెడిత్ అను యువకుడు 1961 జనవరిలో మిసిసిపి విశ్వవిద్యాలయమునకు దరఖాస్తు పెట్టెను. 1962 ఫిబ్రవరిలో అతనిని వెంటనే చేర్పించుటకు అప్పీలు కోర్టులోని ఇద్దఱు న్యాయాధిపతులు నిరాకరించిరి. మూడవవారైన టటిల్ గారు భిన్నాభిప్రాయము వ్రాసిరి. ఆ విద్యార్థి అప్పటికే వేఱొక కళాశాలలో చదువు ముగియు దశకు వచ్చుచుండెను. అతడు అక్కడ పట్టమును పొందినచో వ్యాజ్యమే నిరర్థకమగునని ఆయన హెచ్చరించిరి. జూన్ 25 వ తేదిని అప్పీలు కోర్టు మెరెడిత్ పక్షమున తీర్పు చెప్పినను, ఆ విచారణలో కూర్చుండని కామెరాన్ అను న్యాయాధిపతి నాలుగు పర్యాయములు స్టే యిచ్చెను. తుదకు సెప్టెంబరు 10 వ తేదిని సుప్రీముకోర్టు న్యాయాధిపతి బ్లాక్ ఆ చిక్కును విడదీసెను. సెప్టెంబరు 30 వ తేది రాత్రి విశ్వవిద్యాలయమున జరిగిన అల్లరిలో ఇద్దఱు చనిపోయిరి. ఆలస్యము కోపమును చల్లార్చునని చెప్పువారు కలరు. ఇక్కడ ఆలస్యము కోపమునకు కూడుకొను వ్యవధి నిచ్చెనని మాకు తోచుచున్నది.

1,081 మంది విద్యార్థులు

1963 మే నెలలో అలబామాలోని బర్మింగ్‌హామ్ నగరమున జాతిభేదములకు విరుద్ధముగా జరిగిన ఊరేగింపులలో బడిపిల్లలు వేలకొలదిగా పాల్గొని అరెస్టయిరి. మే 20 వ తేదిని విద్యాసంఘమువారు 1,081 మంది నల్లజాతి విద్యార్థులను బడినుండి తొలగించుటకు ఉత్తర్వు చేసిరి. విద్యా సంవత్సరము ముగియుటకు కొలది దినములే యుండెను. పై తరగతివారికి ఆ యేడు పట్టము రాకపోవును. తక్కినవారు మరల అదే తరగతి చదువవలసివచ్చును. పిల్లలకు తమ మాట చెప్పుకొను అవకాశమైనను ఇయ్యలేదు.

మే 22 వ తేదిని జిల్లా న్యాయాధిపతి విద్యాసంఘము ఉత్తర్వును ఆపుటకు నిరాకరించెను. విద్యార్థుల వకీలు కాన్‌స్టన్స్ బేకర్ మాట్లీ అను నామె ఆ దినముననే అట్లాంటాకు విమానములో వెళ్లిరి. టటిల్ గారు ఆ సాయంకాలమే విచారణ జరిపిరి. ఇట్టి తాత్కాలికపు ఉత్తర్వును నిరాకరించినప్పుడు సామాన్యముగా అప్పీలు లేదని విద్యాసంఘము వాదము. నియమమట్లే యున్నది. కాని కొలది దినములలో బడి మూయబడునప్పుడు, తాత్కాలికముగా నిరాకరించుటయే శాశ్వతముగా నిరాకరించుట యగును గదా. పిమ్మట వచ్చు తీర్పు ఆ పిల్లలకు ఏ ప్రయోజనము నియ్యదు. అందువలన తనకు అధికారము కలదని నిశ్చయించి, విద్యార్థులను వెంటనే తిరిగి చేర్చుకొనవలెనని ఆ రాత్రియే ఆజ్ఞాపించిరి. మఱునాటినుండి పిల్లలు బడికి పోవచ్చును. వారు తిరిగి చేరినవి నల్లజాతివారికై వేఱుగా నుంచిన బడులే యనుటను మఱువరాదు. ఒక్క ఉత్తర్వుతో లోకము మాఱలేదు. వేయిమందికి పైగా పిల్లల సంవత్సరము మాత్రము దక్కెను.

విమర్శలు

ఆయన కార్యములను అందఱును మెచ్చలేదు. 1963 లో కామెరాన్ న్యాయాధిపతి ఒక భిన్నాభిప్రాయమున, టటిల్, రైవ్స్, బ్రౌన్, విజ్డమ్ అను నలుగురు న్యాయాధిపతులే జాతి వ్యాజ్యములన్నిటిని తమ చేతిలో నుంచుకొనుచున్నారని తీవ్రముగా నిందించెను. ఒక్క న్యాయాధిపతి సాయంకాలమున ఉత్తర్వు లిచ్చుట పద్ధతికి విరుద్ధమని మఱికొందఱనిరి. ఈ విమర్శ త్రోసివేయదగినది కాదు. పద్ధతియే న్యాయమునకు రక్ష. పద్ధతిని సులభముగా దాటు న్యాయాధిపతి నేడు మంచికి దాటినను రేపు చెడుకు దాటవచ్చును. టటిల్ గారు పద్ధతిని విడిచిరా? మేము చూచినంతవఱకు, ఆయన ఉభయపక్షములను వినకుండ తీర్పు చెప్పలేదు. కారణములను వ్రాసి యిచ్చిరి. పై కోర్టు పరిశీలనకు లోబడిరి. ఆయన తగ్గించినది విచారణను కాదు, విచారణకై వేచియుండు కాలమును.

1966 లో మఱియొక నిదర్శనము. వియత్నాము యుద్ధమును విమర్శించిన మాటలకు గాను జూలియన్ బాండ్ అను ఎన్నికైన సభ్యుని జార్జియా శాసనసభవారు సభలో కూర్చుండనీయలేదు. ముగ్గురు న్యాయాధిపతుల కోర్టులో ఇద్దఱు సభ పక్షమున తీర్పు చెప్పగా టటిల్ గారు ఒంటరిగా విభేదించిరి. ఆ సంవత్సరము డిసెంబరులో సుప్రీముకోర్టు న్యాయాధిపతులందఱు ఏకగ్రీవముగా బాండ్ పక్షమున తీర్పు చెప్పిరి. యుద్ధమున గాయపడిన సైనికుడు యుద్ధమును నిందించినవాని హక్కును కాపాడుట గమనింపదగినది.

తరువాతి జీవితము

1967 లో ఆయన ప్రధాన న్యాయాధిపతి పదవిని, 1968 లో పూర్తికాలపు సేవను విడిచి, వృద్ధ న్యాయాధిపతిగా వ్యాజ్యములను వినుచునే యుండిరి. 1981 లో అధ్యక్షుడు కార్టర్ ఆయనకు స్వాతంత్ర్య పతకము నొసగెను. ఆ సంవత్సరమే అక్టోబరు 1 వ తేదిని ఆ సర్క్యూట్ రెండుగా చీలి, అలబామా, జార్జియా, ఫ్లోరిడాలు 11 వ సర్క్యూట్ అయ్యెను. టటిల్ గారు అందు చేరిరి. అట్లాంటాలోని అప్పీలు కోర్టు భవనమునకు ఆయన పేరు పెట్టబడినది. 1996 జూన్ 23 వ తేదిని, 98 సంవత్సరముల వయస్సున ఆయన కాలధర్మము నొందిరి.

బాలబాలికలారా, న్యాయమునకు కాలముతో రెండు విధముల సంబంధము కలదని ఈ చరిత్రమువలన తెలియుచున్నది. ఒకనిని శిక్షింపవలసివచ్చినప్పుడు అతని మాట వినుటకును, అతనికి సహాయకుని నిచ్చుటకును కావలసినంత కాలము ఇయ్యవలెను. ఒకనికి న్యాయముగా రావలసినదానిని ఇయ్యవలసివచ్చినప్పుడు ఆలస్యము చేయరాదు. లోకములో తఱచుగా దీనికి విరుద్ధముగా జరుగుచుండును: శిక్షకు తొందర, హక్కునకు వాయిదా. న్యాయాధిపతులు కాగలవారు మీలో కొందఱే యుందురు. కాని తరగతి నాయకులు, ఆటలలో తీర్పరులు, ఇంట తమ్ముల తగవులు తీర్చు అన్నలు, అక్కలు అందఱు నున్నారు. ముందు మాట వినుడు, పిమ్మట నిర్ణయింపుడు. నిర్ణయించిన పిమ్మట ఎదుటివానికి చెందినదానిని రేపటికి ఉంచక నేడే యిచ్చివేయుడు.